నడిచే దిబ్బలు

గాలికి ఇసుక దుమ్ములా పైకి లేచిపోదు, బరువెక్కువ కదా. గాలి గట్టిగా వీచినప్పుడు ఒక రేణువు లేచి, కాస్త దూరం ఎగిరి కింద పడుతుంది, పడ్డ దెబ్బకి చుట్టూ ఉన్నవి చెదిరి వాటిలో కొన్ని ఎగురుతాయి, అవి పడి ఇంకొన్నిటిని లేపుతాయి. ఈ గెంతులాట చాలావరకు మీటరు ఎత్తు లోపే.

1930ల్లో రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజినీరు లిబియా ఎడారిలో కార్లేసుకుని తిరిగి, ఆ పిచ్చితోనే గాలి సొరంగం (లోపల కావలసినంత వేగంతో గాలి వీయించే గొట్టం లాంటిది) కట్టి ఈ గెంతులన్నీ కొలిచాడు. గట్టి నేల మీద పడ్డ రేణువు బంతిలా బాగా ఎగురుతుంది. ఇసుక మీద పడ్డదో, తన ఊపంతా కింది రేణువులకి పంచేసి చతికిలబడుతుంది. అందుకే ఇసుక ఉన్నచోటికే ఇసుక చేరుతుంది, డబ్బున్నవాడి దగ్గరికే డబ్బు చేరినట్టు!

గాలి వచ్చే వైపు దిబ్బ కాస్త ఏటవాలుగా ఉంటుంది, రేణువులు దాని మీదుగా శిఖరానికి ఎక్కి అవతలికి పడతాయి. అటువైపు వాలు 34 డిగ్రీలు దాటిందంటే ఇసుక నిలవదు, జారిపోతుంది. వెనక తరుగుతూ ముందు పెరుగుతూ ఉంటే ఏమవుతుంది? దిబ్బ నడుస్తుంది. చిన్న దిబ్బలైతే ఏడాదికి పదుల మీటర్లు పోతాయి, పెద్దవి నిదానం, ఎందుకంటే ఒక్క మీటరు జరగాలన్నా బోలెడంత ఇసుక మోయాలి. గాలి ఎప్పుడూ ఒకే వైపు నుంచి వీచి, ఇసుక తక్కువుంటే నెలవంక ఆకారం వస్తుంది. అన్ని వైపుల నుంచీ మార్చి మార్చి వీస్తే నక్షత్రంలా కాళ్లు చాచి, ఎటూ పోలేక పైకి పెరుగుతుంది. అంగారకుడి మీదా ఇదే కథ.

ఎడారి సంగతి అలా ఉంచితే, మనుషులకి ఎక్కువగా పనికొచ్చేవి సముద్రతీరంలోని దిబ్బలు. తుపాను వచ్చినప్పుడు అలలు దిబ్బను కోసుకుపోతాయి, చూస్తే అంతా నాశనమైనట్టే ఉంటుంది. కానీ ఆ ఇసుకలో చాలా భాగం తీరానికి కొంచెం దూరంలో నీళ్ల కింద మేట వేస్తుంది, తర్వాతి అలలు దాని మీదే విరుగుతాయి. సముద్రం శాంతించాక అదే ఇసుక మెల్లగా ఒడ్డుకొస్తుంది, ఎండాక గాలి లోపలికి తోస్తుంది, గడ్డి పట్టుకుంటుంది. ఈ గడ్డి మొండిది, ఇసుక కప్పేసేకొద్దీ పైకి పెరుగుతుంది, కానీ మనుషులు రోజూ తొక్కితే మాత్రం చచ్చిపోతుంది. కాంక్రీటు గోడకి ఇలా కరిగి మళ్లీ లేవడం రాదు.

దిబ్బల్లో ఇంకిన వాననీరు కింద ఉప్పునీటి మీద తేలుతూ నిలవ ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరం 1853 నుంచి దిబ్బల నీళ్లు తాగుతోంది. దిబ్బలు కదలకుండా తరతరాలుగా గడ్డి నాటిన ఆ దేశమే 2013లో హార్లెమ్ దగ్గర తీరపు దిబ్బల్లో కావాలనే గండ్లు కొట్టించింది, గాలి దూరి లోపలి దిబ్బలకి మళ్లీ ఇసుక చేర్చాలని.