టక్కుమన్న శబ్దం, తగ్గిన నొప్పి: కీళ్ల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

"బాబూ, ఫోన్లో చూపించినట్టు నడుం ఓపాలి టక్కుమనిపించీయండి, రేపు పొద్దున్న పరుగుంది" అంటూ నెల్లిమర్ల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు ఈమధ్య నా బల్ల మీద బోర్లా పడుకున్నాడు. అతని నొప్పి నడుములో లేదు, ఎడమ కాలి ముందెముకలో ఉంది. వెన్ను సర్దితే కాలి నొప్పి కూడా పోతుందని ఏదో వీడియోలో విన్నాడట. విజయనగరంలో ఫిజియోథెరపీ చేస్తున్న నాకు ఇటువంటి కోరిక ఇప్పుడు వారానికి ఒకరి నుంచైనా వినబడుతోంది. మెడకు పట్టీ తగిలించి లాగడం, నడుమును మెలిపెట్టడం, మైకు దగ్గర పెట్టి ఆ టపటపలు వినిపించడం, రోగి నవ్వుతూ లేవడం వరకే వీడియోలో ఉంటుంది. ఈ విధానాన్ని కైరోప్రాక్టిక్ అంటారు. నేను కైరోప్రాక్టర్‌ను కాను గానీ, వెన్ను కీళ్లను వేగంగా, స్వల్ప దూరం కదిలించే మానిప్యులేషన్ అనే చేతి చికిత్సను శిక్షణ పొంది నేనూ చేస్తుంటాను. కాబట్టి ఇక్కడ రాస్తున్నది ఆ విద్యను బయటి నుంచి చూసి ఎగతాళి చేసేవాడి మాటగా తీసుకోవద్దు.

అపోహ: వెన్నుపూస పక్కకు జరిగింది, టక్కుమందంటే తిరిగి చోటులో కూర్చున్నట్టే.

కీలు చుట్టూ ఒక సంచి, ఆ సంచిలో కొద్దిపాటి జిగట ద్రవం ఉంటాయి. కీలు ఉపరితలాలు రెండూ హఠాత్తుగా ఎడమైనప్పుడు లోపలి ఒత్తిడి పడిపోయి, ద్రవం మధ్యలో వాయువుతో నిండిన చిన్న కుహరం ఏర్పడుతుంది. శబ్దం ఆ సందర్భంలో పుట్టేదే తప్ప ఎముకకు ఎముక తగిలి వచ్చేది కాదు. 2015లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు, వేలి మెటిక విరుగుతుండగానే ఎమ్మారైలో చిత్రించి ఈ కుహరాన్ని చూపించారు. ఒకసారి విరిచిన మెటికను వెంటనే మళ్లీ విరవబోతే పలకదు, సుమారు 20 నిమిషాలు ఆగాలి. ఎముక చోటులో కూర్చోవడం వల్లనే శబ్దం వస్తుందనుకుంటే, మన వేళ్లన్నీ అరగంటకోసారి చోటు తప్పుతున్నాయని ఒప్పుకోవలసి వస్తుంది. నిజంగా కీలు తప్పడం ఎలా ఉంటుందో భుజం జారిన కబడ్డీ ఆటగాణ్ణి చూసినవారికి తెలుసు: భుజం గుండ్రతనం పోయి పలకలా అవుతుంది, రెండో చేత్తో ఆ చేతిని పట్టుకోకుండా అతను ఒక్క అడుగు వేయలేడు.

ఈ చోటు తప్పడం అనే సిద్ధాంతం 1895 నాటిది. అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణంలో అయస్కాంత చికిత్స చేసుకునే డి.డి. పామర్, వెన్నుపూసలు జరిగి నరాలకు అడ్డుపడడమే దాదాపు అన్ని జబ్బులకూ మూలమని చెప్పి కైరోప్రాక్టిక్‌కు శ్రీకారం చుట్టాడు. తన మొదటి రోగికి ఆయన తగ్గించానని చెప్పుకున్నది చెవుడు. ఆ మూల సిద్ధాంతానికి నిలబడే ఆధారం నేటికీ దొరకలేదు; ఆ వృత్తిలో ఉన్నవారిలోనే అనేకులు దానిని పక్కన పెట్టి, నడుము నొప్పికీ మెడ నొప్పికీ పరిమితమై పని చేస్తున్నారు. మనవైపు నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాడి చేత తన్నించుకోవడం, క్షవరం పూర్తయ్యాక మెడ అటూ ఇటూ విరిపించుకోవడం ఎప్పటి నుంచో ఉన్నవే. వీడియో వైద్యాన్ని మనవాళ్లు ఇంత తొందరగా నమ్మడానికి ఆ పాత అలవాటు కూడా కారణమేమోనని నా అనుమానం.

నొప్పి తగ్గడం మాత్రం అబద్ధం కాదు. కీలును వేగంగా కదిలించినప్పుడు చుట్టుపక్కల కండరాల బిగువు కాసేపు సడలుతుంది, నొప్పి సంకేతాలను నాడీ వ్యవస్థ గ్రహించే తీరు కొంతసేపు మారుతుంది. కొత్తగా పట్టిన నడుము నొప్పికి మందులు లేని చికిత్సలలో ఒకటిగా దీనిని అమెరికా వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు అంగీకరించాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో, వ్యాయామంతో కలిపి మాత్రమే వాడవచ్చని చెప్పింది. ఉపశమనం ఓ మోస్తరుగా ఉంటుంది, ఎక్కువ కాలం నిలవదు, శబ్దం రాకపోయినా అంతే వస్తుంది.

ఇది నేను తొలి రోజుల్లోనే గ్రహించి ఉండవలసింది. శబ్దం వినిపిస్తే రోగి ముఖం వెలిగిపోతుంది, మర్నాడు ఇంకొకరిని వెంటబెట్టుకుని వస్తాడు. ఆ మోజులో నేను ఒక టైలరు గారికి ఎనిమిది నెలల పాటు వారం వారం మెడ సర్దుతూ పోయాను. ఆయన కుట్టుమిషను ముందు కూర్చునే తీరును గానీ, భుజాల బలాన్ని గానీ ఒక్కసారీ పరీక్షించలేదు. ఒకనాడు ఆయనే, "ప్రతి వారం చోటులో పెడుతున్నారు, ప్రతి వారం తప్పుతోంది, తేడా ఎక్కడుందండీ?" అని అడిగారు. తేడా నా దగ్గరే ఉంది.

అపోహ: మెటికలు విరుచుకుంటే కీళ్లు అరిగిపోతాయి.

అమ్మమ్మల మందలింపు ఇది, నిలబడదు. డోనాల్డ్ ఉంగర్ అనే అమెరికన్ వైద్యుడు 60 ఏళ్లకు పైగా ఒక చేతి మెటికలు మాత్రమే విరుచుకుని, రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదని తేల్చి, 2009లో హాస్యానికి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగం రుజువు కిందికి రాదు గానీ, ఇతర పరిశీలనలలోనూ మెటికలకూ కీళ్లవాతానికీ సంబంధం కనబడలేదు.

అపోహ: ఎమ్మారైలో డిస్కు జారిందని వచ్చింది కాబట్టి ఇక బరువు ఎత్తకూడదు, మంచం దిగకూడదు.

విశాఖ వెళ్లి తీయించుకున్న ఫిల్మును జాగ్రత్తగా కవరులో పెట్టుకుని, కండువాతో నడుము బిగించుకుని వచ్చేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. డిస్కు ఎక్కడికీ జారదు. పైనా కిందా ఉన్న వెన్నుపూసలకు గట్టిగా అతుక్కునే ఉంటుంది, దాని అంచు ఉబ్బవచ్చు లేదా చిరిగి లోపలి పదార్థం కొంత బయటికి రావచ్చు. ఏ నొప్పీ లేనివారి స్కాన్‌లను క్రోడీకరించి 2015లో ప్రచురించిన ఒక సమీక్షలో, 20 ఏళ్లవారిలో 30 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. నెరిసిన జుట్టులాగే ఇందులో చాలా భాగం వయసు గుర్తు. మోకాలిలో గుజ్జు అరిగిపోయిందని వినే మాటకూ ఇదే వర్తిస్తుంది. అరుగుదల ఎంత అన్నదానికీ నొప్పి ఎంత అన్నదానికీ లెక్క కుదరదు, తొడ కండరాలకు బలం పెంచినప్పుడు ఎక్స్‌రే మారకపోయినా నొప్పి తగ్గినవారు ఎందరో. పూర్తి పడక విశ్రాంతి నడుము నొప్పికి మేలు చేయదని వైద్య లోకం అంగీకరించి చాలాకాలమైంది.

స్కాన్ అక్కర్లేదని దీని అర్థం కాదు. మూత్రం బిగుసుకుపోవడం, మర్మాంగాల చుట్టూ తిమ్మిరి, కాలిలో బలం తగ్గిపోతూ ఉండడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉన్నవారు నా దగ్గరికి గానీ, మరే చేతి వైద్యుడి దగ్గరికి గానీ రాకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. మన ప్రాంతంలో వెన్నుకు క్షయ రావడం అరుదేమీ కాదు. అది తెలియక నడుము విరిస్తే కలిగే నష్టం సరిదిద్దుకోలేనిది.

అపోహ: మెడ విరిపించుకోవడంలో ప్రమాదమేమీ లేదు.

మెడపూసల రంధ్రాల గుండా మెదడుకు రెండు రక్తనాళాలు వెళతాయి. మెడను ఒక్కసారిగా మెలిపెట్టినప్పుడు వాటి లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య గ్రంథాలలో నమోదయ్యాయి. ఇది చాలా అరుదు. అప్పటికే నాళం చిరగడం వల్ల వచ్చిన మెడ నొప్పితోనే కొందరు చికిత్సకు వెళ్లి ఉండవచ్చు కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అన్నది కచ్చితంగా విడదీయడం కష్టం. అయినా ఈ సంబంధాన్ని రోగికి ముందే చెప్పాలని అమెరికా హృద్రోగ సంఘం 2014లో సూచించింది. నేను మెడకు వేగపు చికిత్స మానేసి చాలాకాలమైంది, అంతే ఫలితం నెమ్మదైన కదలికలతోనూ, వ్యాయామంతోనూ వస్తున్నప్పుడు ఆ కొద్ది ప్రమాదమైనా ఎందుకన్నది నా లెక్క. మెడ విరిచిన తరువాత తల తిరగడం, మాట తడబడడం, చూపు రెండుగా కనబడడం, ఎన్నడూ ఎరగని తలనొప్పి వస్తే ఒక్క గంట కూడా వేచి చూడవద్దు. మన దేశంలో ఫిజియోథెరపీని 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి తెచ్చారు, కైరోప్రాక్టిక్‌ను పర్యవేక్షించే ప్రత్యేక మండలి ఏదీ లేదు. కనుక మీ మెడ పట్టుకునే వ్యక్తి ఏం చదివాడో మీరే అడిగి తెలుసుకోవాలి.

అపోహ: నెలకోసారి వెన్ను సర్దించుకుంటే దెబ్బలు తగలవు, పరుగుకు ముందు కాళ్లు సాగదీస్తే చాలు.

ఇక మన కుర్రవాడి సంగతికి వస్తాను. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగుంటుంది. నోటిఫికేషన్ రాగానే మన ప్రాంతం పల్లెల్లో నాలుగింటికే లేచి తారు రోడ్ల మీద పరుగెత్తేవారు కనిపిస్తారు. అంతవరకూ వారానికి రెండు రోజులు క్రికెట్ ఆడిన ఇతను, ఆ వారం నుంచి రోజూ ఆరు కిలోమీటర్లు, అరిగిన అట్టల బూట్లతో పరుగెత్తాడు. కొత్త భారం పడినప్పుడు ఎముక ముందు తనలోని పాత పదార్థాన్ని తొలగించుకుని, ఆ తరువాతే కొత్తది కట్టుకుంటుంది. ఈ రెంటి మధ్య కొన్ని వారాల పాటు అది మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. ఊపిరీ కండరాలూ నెలలోపే ఊపందుకుని ఇంకా పరుగెత్తమని తొందరపెడుతుంటే, ఎముకా స్నాయువులూ ఇంకా పనిలోనే ఉంటాయి.

నేను అతని ముందెముక లోపలి అంచు వెంట బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చాను. జానెడు పొడవునా సలుపుగా ఉంటే అది ఎముక పొర మీది ఒత్తిడి, భారం తగ్గిస్తే సర్దుకుంటుంది. ఇతనికి ఒక్కచోట, రూపాయి బిళ్లంత మేర నొక్కగానే కాలు లాక్కున్నాడు. ఒంటికాలి మీద ఒక్క గెంతు గెంతమంటే గెంతలేకపోయాడు. అది ఎముకలో సన్నని పగులు మొదలైందని అనుమానించవలసిన గుర్తు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఇది కనబడకపోవచ్చు, అతనికీ కనబడలేదు. ఆర్థోపెడిక్ డాక్టరు ఎమ్మారైతో నిర్ధారించి ఆరు వారాలు పరుగు ఆపించారు. నడుము టక్కుమనిపించి పంపి ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయి, మర్నాడు తెల్లవారుజామునే రోడ్డెక్కేవాడు.

దెబ్బలను నివారించే ఉపాయాల మీద జరిగిన 25 ప్రయోగాలను, 26 వేలకు పైగా మందిని కలిపి 2014లో పరిశీలించినప్పుడు, బలం పెంచే వ్యాయామాలు ఆటల గాయాలను మూడో వంతు కంటే తక్కువకు దించాయని, సాగదీతల వల్ల మాత్రం ప్రయోజనం కనబడలేదని తేలింది. మడమలు ఎత్తి దించడం, గోడకు వీపు ఆనించి గుంజీలు, ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం చూడడానికి చాలా సామాన్యంగా ఉంటాయి కాబట్టి ఎవరూ వాటిని వీడియో తీయరు. ఒక కాలి మీద 25 సార్లు మడమ ఎత్తలేని మనిషిని నేను రోజూ పరుగుకు పంపను. చీలమండ పదే పదే బెణికేవారికి ఆ ఒంటికాలి నిలబాటే ముఖ్యమైన మందు.

అపోహ: చిన్నప్పుడు బరువులు ఎత్తితే ఎదుగుదల ఆగిపోతుంది.

ఈ మాట కొండవెలగాడకు వెళ్లి అంటే నవ్వుతారు. బరువులెత్తే పోటీల్లో కామన్వెల్త్ పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో 12 ఏళ్లకే బారు పట్టుకున్న కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలతో ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. సరైన శిక్షకుడి కంటి ముందు, భంగిమ నేర్చుకున్న తరువాత, కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ పోతే ఎదుగుదలకు నష్టం జరగదని పిల్లల వైద్యులు చెబుతున్నారు. నష్టం జరిగేది పందెం కట్టి, ఎవరూ చూడనప్పుడు ఎత్తినప్పుడే.

ఇంతసేపూ శబ్దానికి విలువ లేదన్నాను. విలువ ఉన్నది కూడా ఒకటుంది. కూతకు వెళ్లి వెనక్కి తిరుగుతున్నప్పుడు మోకాలు టప్పుమని, కొద్ది గంటల్లోనే కొబ్బరికాయలా వాస్తే లోపల ఎముకలను అడ్డంగా కట్టి ఉంచే పట్టీ, అంటే అడ్డ లిగమెంటు, తెగి ఉండవచ్చు. ఎవరో వెనక నుంచి కర్రతో కొట్టినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే మడమ పై స్నాయువు తెగి ఉండవచ్చు. బోర్లా పడుకోబెట్టి పిక్కను నొక్కినప్పుడు పాదం కిందికి వంగకపోతే ఆ అనుమానం బలపడుతుంది. ఈ రెంటికీ నూనె మర్దన, నాటు కట్టు పనికిరావు. మెత్తని గుడ్డ చుట్టి ఐసు పెట్టి, కాలు మీద బరువు పడకుండా మోసుకుని ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వారం పది రోజులకు మోకాలి వాపు దానంతట అదే తీసేస్తుంది, కుర్రవాడు మామూలుగానే నడుస్తాడు, లిగమెంటు మాత్రం తెగే ఉంటుంది. ఆ మోకాలితో మళ్లీ కూతకు వెళ్లినవాడికి రెండోసారి, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరగవచ్చు.