సీటు కోసం కొన్న ఊళ్లు దేశమైపోయాయి: లీచ్టెన్‌స్టైన్ భూముల గొడవ వెనక కథ

2020లో లీచ్టెన్‌స్టైన్ అనే బుల్లి దేశం చెక్ రిపబ్లిక్ మీద యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకెళ్ళింది, 1945లో మా రాజుగారి కుటుంబం దగ్గరా మా పౌరుల దగ్గరా లాక్కున్న భూముల సంగతి తేల్చండి అని. ఆ దేశం మొత్తం 160 చదరపు కిలోమీటర్లు, గొడవలో ఉన్న భూములేమో దానికి దాదాపు పదింతలు! దేశం కంటే రాజుగారి ఆస్తి పెద్దదేంటి, అదీ వేరే దేశంలో ఉండటమేంటి అంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

అప్పట్లో మధ్య యూరప్‌లో ఉన్న హోలీ రోమన్ ఎంపైర్ అంటే పేరుకి ఒక్క సామ్రాజ్యమే కానీ లోపల చూస్తే డ్యూకులు, కౌంట్లు, బిషప్పులు, మఠాధిపతులు, సొంత పాలన ఉన్న పట్టణాలు, అన్నీ కలిపి వందల్లో చిన్నా చితకా రాజ్యాలు. చక్రవర్తిని కూడా ఎన్నుకునేవాళ్ళు, 1356లో ఆ ఓటు ఏడుగురికే అని రాసిపెట్టేశారు. మిగతావాళ్ళ పరువంతా ఒక్క విషయం మీదే: నువ్వు నేరుగా చక్రవర్తి కింద ఉన్నావా, లేక మధ్యలో ఇంకో దొర ఉన్నాడా? నేరుగా ఉంటే నీ జాగా ఎంత చిన్నదైనా నువ్వు పాలకుడివే. రైన్ నది పక్కన ఆల్ప్స్ కొండల్లో ఉన్న వడూజ్ (ఇప్పటి లీచ్టెన్‌స్టైన్‌లో ఉంది) అలాంటిదే, 1342లో అన్నదమ్ముల పంపకాల్లో వేరుపడింది, 1396లో రాజు వెన్సెస్లాస్ మీరు నేరుగా సామ్రాజ్యం కిందే అని ఖాయం చేశాడు.

లీచ్టెన్‌స్టైన్ కుటుంబానికి అప్పట్లో ఈ కొండలతో ఏ సంబంధమూ లేదు. వాళ్ళు ఆస్ట్రియాలో, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న మొరేవియాలో పెద్ద భూస్వాములు. కార్ల్ అనే ఆయన 1599లో ప్రొటెస్టెంట్ నుంచి కాథలిక్‌గా మారాడు, 1608లో ప్రిన్స్ బిరుదొచ్చింది. 1620లో ప్రేగ్ పక్కన వైట్ మౌంటెన్ యుద్ధంలో హాబ్స్‌బర్గ్ రాజవంశం మీద తిరగబడ్డ బొహీమియా (ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉంది) వాళ్ళు ఓడిపోయాక వాళ్ళ మీద విచారణ నడిపింది ఈయనే, 1621లో ప్రేగ్‌లో 27 మందిని చంపించారు, ఓడిపోయినవాళ్ళ ఎస్టేట్లు జప్తు చేశారు, అందులో బోలెడన్ని కార్ల్ చేతికే చేరాయి. వెండి తగ్గించి నాణేలు కొట్టిన కన్సార్షియంలో (కొందరు కలిసి పెట్టుకున్న వ్యాపార బృందంలో) కూడా ఈయన ఉన్నాడు లెండి, ఒకపక్క డబ్బు విలువ పడిపోతుంటే ఇంకోపక్క భూములు కొనుక్కోవడం, అంతకంటే మంచి వ్యాపారం ఏముంటుంది.

ఇంత ఉన్నా సామ్రాజ్య సభలో ప్రిన్సుల పక్కన కూర్చునే సీటు మాత్రం రాలేదు. కారణం సింపుల్, ఆ భూములన్నీ ఆస్ట్రియా, బొహీమియాలని ఏలే హాబ్స్‌బర్గుల కింద ఉన్నవి, మధ్యలో దొర ఉన్నట్టే లెక్క. నేరుగా చక్రవర్తి కింద ఉన్న నేల కావాలి, ఎక్కడైనా పర్లేదు.

సరిగ్గా అప్పుడు వడూజ్ అమ్మకానికొచ్చింది. దాన్నేలే హోహెనెమ్స్ కౌంట్లు అప్పుల్లో మునిగి ఉన్నారు, పైగా మంత్రగత్తెలు అని జనాన్ని చంపించి వాళ్ళ ఆస్తులు కలిపేసుకుంటుంటే చక్రవర్తి కమిషన్ వేసి అధికారం పీకించాడు. కార్ల్ మనవడు హాన్స్ ఆడమ్ 1699లో ఆ కౌంట్లదే అయిన పక్క జాగా షెల్లెన్‌బర్గ్‌ని 1,15,000 గుల్డెన్లకి (అప్పటి నాణేలు), 1712లో వడూజ్‌ని 2,90,000 గుల్డెన్లకి కొన్నాడు. 1719 జనవరి 23న చక్రవర్తి ఆరో చార్లెస్ ఆ రెండూ కలిపి ప్రిన్సిపాలిటీ చేసి కొన్నవాళ్ళ ఇంటిపేరే పెట్టాడు. ఆ తర్వాత గద్దె మీదున్న ప్రిన్స్ ఒక్కడైనా వచ్చి ఆ ఊళ్ళ మొహం చూడటానికి 1842 దాకా పట్టింది, అంటే నూటఇరవై ఏళ్ళకి పైనే. జనం పన్నులు కట్టారు, దొరలు వియన్నాలో ఉన్నారు.

నెపోలియన్ కాలంలో ఇలాంటి చిన్న రాజ్యాలు చాలావరకు పక్కవాళ్ళలో కలిసిపోయాయి. 1806లో సామ్రాజ్యమే రద్దయింది, కానీ నెపోలియన్ లీచ్టెన్‌స్టైన్‌ని తన రైన్ కూటమిలో (తన అండన చేరిన జర్మన్ రాజ్యాల గుంపులో) వేసుకోవడంతో అది మిగిలిపోయింది. అప్పటి ప్రిన్స్ యోహాన్ నెపోలియన్ శత్రువైన ఆస్ట్రియా సైన్యంలో జనరల్, అటూ ఇటూ ఉండటం కుదరదు కాబట్టి కాగితాల మీద మూడేళ్ళ కొడుకుని రాజుని చేసేశాడు.

రాజకుటుంబం నిజంగా వడూజ్‌కి మకాం మార్చింది 1938లో, హిట్లర్ ఆస్ట్రియాని మింగాక. 1945లో చెకోస్లొవేకియా జర్మన్ల ఆస్తులు జప్తు చేసినప్పుడు వీళ్ళనీ జర్మన్ల కిందే లెక్కేసింది, మాది తటస్థంగా ఉన్న వేరే దేశం కదా అని వీళ్ళ వాదన. ఆ పంచాయితీ వల్ల 2009 దాకా రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలే లేవు. ఒకప్పుడు ఈ కుటుంబానివైన వాల్టిసె, లెడ్నిసె కోటలు ఇప్పుడు యునెస్కో లిస్టులో ఉన్నాయి, టికెట్ డబ్బులు చెక్ వాళ్ళకే. 2020 ఫిబ్రవరిలో చెక్ రాజ్యాంగ కోర్టులో కూడా ఓడిపోయాక ఆగస్టులో లీచ్టెన్‌స్టైన్ స్ట్రాస్‌బర్గ్‌లోని ఆ మానవ హక్కుల కోర్టు మెట్లెక్కింది, ఈసారి కుటుంబంగా కాదు, దేశంగా.