గౌగమేలా: దారియస్ పారిపోయాడా, సైన్యమే అతన్ని వదిలేసిందా?

క్రీ.పూ. 331 అక్టోబరు 1న, ఇప్పటి ఉత్తర ఇరాక్‌లో మోసుల్, అర్బిల్ నగరాల నడుమ ఉన్న గౌగమేలా మైదానంలో మాసిడోనియా రాజు అలెగ్జాండర్, పర్షియా చక్రవర్తి మూడో దారియస్ తలపడ్డారు. ఆ ఒక్క రోజుతో పర్షియా సామ్రాజ్యం వెన్ను విరిగింది. ఆ పోరు గురించి ఎవరేం రాసినా ఇంటర్నెట్‌లో ఇప్పటికీ వాదులాటే: ఎంతమంది పోరాడారు, గెలిచింది గ్రీకులా మాసిడోనియన్లా, దారియస్ పిరికివాడా?

తగువంతా ఆధారాల దగ్గరే పుట్టింది. అలెగ్జాండర్ వెంట నడిచిన కాలిస్థెనీస్, టాలమీల రచనలు కాలగర్భంలో కలిసిపోయాయి. మనకు మిగిలిన చరిత్రకారులు డయొడోరస్, కర్టియస్, ప్లూటార్క్, అరియన్ అందరూ తరాల తర్వాతివాళ్లు. అరియన్ అయితే ఏకంగా క్రీ.శ. 2వ శతాబ్దం మనిషి. పర్షియన్లు తమ వైపు కథ చెప్పుకున్న చరిత్ర గ్రంథం ఒక్కటీ దొరకలేదు.

అందుకే అంకెలకు పొంతన ఉండదు. దారియస్ కాల్బలం అరియన్ లెక్కలో 10 లక్షలు, కర్టియస్ లెక్కలో 2 లక్షలు. చనిపోయిన పర్షియన్లు ఒకరి ప్రకారం 3 లక్షలు, మరొకరి ప్రకారం 40 వేలు. అలెగ్జాండర్ వైపు పోయింది వంద మందేనంటాడు అరియన్! పది లక్షల మందికి ఆ మైదానంలో తిండీ నీళ్లూ ఎలా అందుతాయి? అయినా ఈ అంకెను నిజమన్నట్టు ఎత్తి రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది తప్పు.

‘గ్రీకులు ఒకవైపు, పర్షియన్లు ఒకవైపు’ అన్నదీ నిలవదు. దారియస్‌కు ఇరుపక్కలా నిలబడింది గ్రీకు కిరాయి సైనికులని అరియనే రాశాడు. సింధు నదికి పడమటి భారతీయులు సుమారు 15 ఏనుగులతో వచ్చారనీ చెప్పాడు.

అసలు చిక్కు దారియస్ విషయంలో ఉంది. అలెగ్జాండర్ దూసుకురాగానే చక్రవర్తే ముందు రథం తిప్పాడని అరియన్ కథనం. ఆ కాలంలోనే బాబిలోన్ నగరంలో రాసిన ఓ మట్టి పలక ఇంకోలా చెబుతోంది. అక్కడి ఖగోళ పండితులు గ్రహాల కదలికలతో పాటు బార్లీ, ఖర్జూరం, నువ్వుల ధరలు, యూఫ్రటీస్ నీటిమట్టం, దేశంలో జరిగిన విశేషాలు ఏ నెలకా నెల రాసిపెట్టేవారు. ఆ ఏడాది పలకలో యుద్ధానికి ముందు వచ్చిన చంద్రగ్రహణం ఉంది. బాబిలోన్ పంచాంగంలోని ఉలూలు నెల 11వ రోజున రాజు శిబిరంలో కలవరం రేగిందని, 24న పోరు జరిగిందని ఉంది. ఆ తర్వాతి ముక్కలను సైనికులు రాజును విడిచి తమ ఊళ్లకు వెళ్లిపోయారని పండితులు చదివారు. పలక అక్కడక్కడా విరిగిపోయింది కాబట్టి ఆ పాఠం మీదా చర్చ నడుస్తూనే ఉంది. అయినా ఇది ఆ కాలంలోనే, ఎవరినీ పొగడాల్సిన పని లేనివాళ్లు రాసుకున్న లెక్క. నేనైతే దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఇంకో మాటా చూడాలి. రాజు చిక్కితే రాజ్యమే చిక్కినట్టు, కాబట్టి తప్పించుకోవడం పిరికితనమే కానక్కర్లేదు. దారియస్ ప్రాణాలు దక్కించుకుని తన సామ్రాజ్యంలోని మీడియా అనే ప్రాంతానికి చేరాడు. మరుసటి ఏడాది, 330లో, సొంత సత్రప్ (ప్రాంతీయ పాలకుడు) బెస్సస్, అతని తోడుదొంగలు బంధించి చంపేదాకా మళ్లీ సైన్యాన్ని కూడగట్టే ప్రయత్నంలోనే ఉన్నాడు.