కొండలోకి దిగే కథలు: ఉరల్ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

రష్యన్ పిల్లల కథలను తెలుగులోకి తేవడం నా పని. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన తెలుగు పుస్తకాలు చదివి పెరిగినవాళ్లు కలిసినప్పుడల్లా ఉరల్ కొండల కథల గురించి అవే మాటలు అంటుంటారు. అందుకే ఇది రాస్తున్నాను. ఎక్కువగా ఉరల్ గని కార్మికుల కథలు రాసిన రష్యన్ రచయిత పావెల్ బజోవ్ గురించే.

అపోహ: "రాగి కొండ" అంటే ఏదో పెద్ద పర్వతం.

ఈ తప్పులో ముందు కాలేసింది నేనే. బజోవ్ "రాగి కొండ యజమానురాలు" కథ అనువాదం మొదటి ప్రతిలో కార్మికుడు స్తెపాన్ పొద్దున్నే కొండెక్కి పనికి పోయాడని రాశాను. అది చదివి బొమ్మలు వేసినాయన హిమాలయాల్లాంటి మంచు శిఖరాలు గీసి పంపాడు. ఆయన్ని ఏమనగలం! ఉరల్‌లో అన్నిటికంటే ఎత్తయిన నరోద్నయా శిఖరమే 1,900 మీటర్లు దాటదు. అదీ ఎక్కడో ఉత్తరాన ఉంది. బజోవ్ కథలు జరిగే పొలెవ్‌స్కోయ్ చుట్టుపక్కల ఉన్నవి అడవి కప్పిన గుట్టలు. అక్కడి కార్మికుల నోట "గొరా" అంటే కొండ మాత్రమే కాదు, గని కూడా. కొండలోకి దిగామంటారు, కొండలో పని చేశామంటారు. కథలోని రాగి కొండ నిజానికి గుమ్యోష్కి రాగి గని. అక్కడ ఖనిజం 1702లో బయటపడింది.

మన సింగరేణిలో బొగ్గు గనిని "బాయి" అంటారు. "బాయికి పోయిండు" అంటే నీళ్లు తోడుకోవడానికని అక్కడ ఎవరూ అనుకోరు. మనవాళ్లకు గని బావి అయింది, వాళ్లకు కొండ అయింది. ఈ సంగతి తట్టాక కథ మొత్తం మళ్లీ రాశాను. ఎక్కడం అన్న చోటల్లా దిగడం పెట్టాను.

అపోహ: కొండ యజమానురాలు వరాలిచ్చే దేవకన్య.

ఆమె గని పనివాళ్ల నమ్మకాల్లోంచి వచ్చిన మనిషి. స్తెపాన్ దొర కింద బానిసలా బతికే కార్మికుడు. "నా ఇనుప టోపీ పగలగొడితే రాగినంతా అందనంత లోతుకు దించేస్తాను" అని పెత్తందారుకు చెప్పి రమ్మని ఆమె అతణ్ణి పంపుతుంది. పెత్తందారు వినడు. స్తెపాన్‌ను కొరడాలతో కొట్టించి, గనిలోనే గొలుసుతో కట్టేయిస్తాడు. "ఇనుప టోపీ" చమత్కారం కోసం అల్లిన మాట కూడా కాదు. రాగి నిక్షేపాల పైన తరచుగా ఇనుప ఖనిజం కప్పులా పేరుకుని ఉంటుంది, భూగర్భ శాస్త్రంలోనూ దాన్ని ఇనుప టోపీ అనే అంటారు. పిల్లల కథలో ఇంత గని పరిజ్ఞానం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

స్తెపాన్‌కు స్వేచ్ఛ దొరుకుతుంది, పెళ్లవుతుంది, ఇల్లు వస్తుంది. అయినా మనిషి కుదుటపడడు. చివరికి గని దగ్గర శవమై దొరుకుతాడు, పిడికిట్లో పచ్చటి రాళ్లు. అవి ఆమె కన్నీళ్లు. చేతిలోంచి తీయబోతే పొడైపోతాయి. ఇందులో వరం ఎక్కడుందో నాకైతే కనపడలేదు.

అన్నట్టు, కథలో ఆమె బల్లిలాంటి జీవిగా మారుతుంది, ఆ మాట దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. "బల్లి" అంటే మన పాఠకుడు పంచాంగంలో బల్లి పాటు ఫలం వెతుక్కుంటాడు. "తొండ" అంటే నవ్వొస్తుంది. చివరికి "నలికిరి" అని రాశాను, ఒళ్లు నున్నగా మెరుస్తుంది కాబట్టి. "రాణి" అనే మాట మాత్రం మొదట్లోనే కొట్టేశాను. "దొరసాని" నాలుక చివరిదాకా వచ్చింది, కానీ ఆ దొరల మీదే కదా ఆమె పోరు!

అపోహ: ఇవి ఉన్నవి ఉన్నట్టు సేకరించిన జానపద కథలు.

సగం నిజం. బజోవ్ 1879లో సిసెర్త్‌లో పుట్టాడు. పొలెవ్‌స్కోయ్‌లో ఉన్న చిన్నప్పటి రోజుల్లో వసీలీ హ్మెలీనిన్ అనే ముసలి కాపలాదారు చెప్పిన కథలు విన్నాడు. వాటిని రాయడం మొదలుపెట్టేసరికి యాభై దాటాయి. ఆ గొంతు విన్నదే, కట్టుబడి మాత్రం చాలావరకు రచయితదే. ఈ కథల సంపుటి "మలకైట్ పెట్టె" (మలకైట్ అంటే రాగి గనుల్లో దొరికే పచ్చటి రాయి) 1939లో వచ్చింది, దానికి 1943లో స్టాలిన్ బహుమతి ఇచ్చారు.

అపోహ: అన్నీ పిల్లల కోసమే రాసినవి.

కాదు. మలకైట్ పనివాళ్ల ఊపిరితిత్తుల్లో చేరే దుమ్ము గురించి రాసిన మనిషి ఎదురుగా చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకుని ఉండడు. పిల్లలు ఆ కథల్ని తర్వాత తమవి చేసుకున్నారు. పిల్లలకు చెప్పినట్టే ఉండే "వెండి గిట్ట"లోనూ కొకొవాన్యా తాత వేసవిలో ఇసుక కడిగి బంగారం తీసే కూలీ, చలికాలంలో వేటగాడు. కథలోని మాయ మేక వెండి గిట్ట తాటించి కురిపించిన విలువైన రాళ్లను తాత టోపీతో కొంత ఎత్తుకుంటాడు. మిగతావి చూసుకుంటూ తెల్లారేదాకా ఉంచుదామని చిన్నది దర్యోంకా బతిమాలుతుంది. రాత్రికి మంచు కురుస్తుంది. వాళ్లకు మిగిలింది సగం టోపీ రాళ్లే.

అపోహ: ఉరల్ అంటే రాళ్లు, రత్నాలే.

ఉరల్‌కే చెందిన మరో రచయిత మామిన్ సిబిర్యాక్ (1852-1912) పిల్లల కోసం రాసిన వేటగాడు ఎమేల్యా కథ తీసి చూడండి. ఉత్తర ఉరల్ అడవిలో తిచ్కీ అనే ఊరు, పదకొండే ఇళ్లు. జబ్బుపడ్డ మనవడు గ్రిషూత్కా లేడిపిల్ల కావాలంటాడు. ముసలాయన కుక్కను వెంటేసుకుని మూడు రోజులు తిరుగుతాడు. పిల్ల దొరుకుతుంది, గురి కూడా కుదురుతుంది. అంతలో, తోడేళ్లు మీద పడినప్పుడు గ్రిషూత్కా తల్లి వాణ్ణి తన ఒంటితో కప్పి చనిపోవడం గుర్తొస్తుంది. తుపాకీ దించి ఈల వేస్తాడు, లేడిపిల్ల పొదల్లోకి మాయమవుతుంది. ఇంటికొచ్చి, అది ఎలా పారిపోయిందో మనవడికి చెబుతాడు. ఇద్దరూ నవ్వుకుంటారు.