గుర్రం ముక్కున రక్తం: లాసిక్స్ వివాదం వెనక మూడు వందల ఏళ్లు

అమెరికా గుర్రప్పందేల్లో దశాబ్దాలుగా తెగని గొడవ ఒకటుంది. పందెం మొదలవడానికి నాలుగు గంటల ముందు గుర్రానికి లాసిక్స్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా? గుండె బలహీనపడి కాళ్లు వాచినవాళ్లకు మన డాక్టర్లు రాసే లాసిక్సే ఇది. మందు అసలు పేరు ఫ్యూరోసెమైడ్. ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపుతుంది. పరుగెత్తే గుర్రానికి దీనితో పనేమిటంటే, పూర్తి దౌడు మీద ఉన్నప్పుడు దాని ఊపిరితిత్తుల్లో రక్తం కారుతుంది. లాసిక్స్ ఆ రక్తాన్ని తగ్గిస్తుంది.

2020 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ పందేల భద్రతకు ఒక జాతీయ చట్టం చేసింది. రెండేళ్ల పిల్లగుర్రాల పందేల్లోనూ, పేరున్న స్టేక్స్ పందేల్లోనూ రేసు రోజున లాసిక్స్ వద్దంది. మిగతా పందేలకు రాష్ట్రాలు అడిగితే మూడేళ్లు మినహాయింపు, ఈలోగా పరిశోధన చేయించాలి అంది. ఆ తర్వాత కూడా మినహాయింపు కొనసాగాలంటే ఆ చట్టం పెట్టిన సంస్థ బోర్డు సభ్యులందరూ ఒక్క మాట మీద ఉండాలి అంది. ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో బార్ట్‌లెట్స్ చైల్డర్స్ అనే గుర్రం ఉండేది. ఆ కాలంలో ఎదురులేని ఫ్లయింగ్ చైల్డర్స్‌కి సొంత తమ్ముడు. తరచూ ముక్కున రక్తం కారేది కాబట్టి జనం దాన్ని బ్లీడింగ్ చైల్డర్స్ అని పిలిచారు. పందేలకు పనికిరాలేదు గానీ సంతానానికి పనికొచ్చింది. 1764లో పుట్టి, ఓటమి అన్నది ఎరగని ఎక్లిప్స్ ఈ గుర్రానికి మునిమనవడు. నేటి థరోబ్రెడ్లలో, అంటే పందెపు జాతి గుర్రాల్లో, అత్యధిక భాగం మగ వంశం ఎక్లిప్స్ దగ్గరికే చేరుతుంది. అదే కాలపు మరో మూలపురుషుడు హెరాడ్ కూడా పందెం మధ్యలో రక్తనాళం తెగి ఓడిపోయిన గుర్రమే. అంటే ఈ జాతికి ఇది నిన్న మొన్న వచ్చిన జబ్బు కాదు.

హెర్మిట్ అనే గుర్రం కథ ఇంకా చిత్రం. 1867లో ఇంగ్లండులోని ఎప్సమ్ డెర్బీ పందేనికి వారం రోజుల ముందు ట్రయల్ దౌడులో దానికి రక్తనాళం చిట్లింది. ఇక దౌడు తీయదని అందరూ ఆశ వదులుకున్నారు. దాని యజమాని హెన్రీ చాప్లిన్‌కి కాబోయే భార్యను మూడేళ్ల ముందే లేవదీసుకుపోయి పెళ్లాడిన హేస్టింగ్స్ ప్రభువు, హెర్మిట్ ఓడుతుందని భారీగా పందెం కాశాడు. డెర్బీ రోజున మంచు కురిసింది. 15 కాస్తే 1000 వచ్చే ధర పలికిన, అంటే ఎవరికీ ఆశ లేని హెర్మిట్ గెలిచింది. హేస్టింగ్స్ లక్ష పౌండ్లకు పైగా పోగొట్టుకుని మళ్లీ కోలుకోలేదు. హెర్మిట్ ఆ తర్వాత 1880 నుంచి 1886 దాకా వరుసగా ఏడేళ్లు బ్రిటన్‌లో అగ్రస్థాయి సైర్‌గా (పందేలు గెలిచే గుర్రాలకు తండ్రిగా) నిలిచింది. వారం క్రితం రక్తం కక్కిన గుర్రం డెర్బీ గెలిచిందంటే, ఆ వారంలో దానికి ఎవరు ఏం పెట్టినా అదే దివ్యౌషధం అనిపిస్తుంది. ఈ సమస్య చుట్టూ పుట్టిన మందుల చరిత్ర మొత్తం ఇక్కడే దారి తప్పిందని నా అభిప్రాయం.

అప్పటి వైద్యం చూస్తే బాధ కలుగుతుంది. రక్తం ఎక్కువై బయటికి వస్తోందనుకుని, నరం కోసి ఇంకొంత రక్తం తీసేవారు. పందేనికి ముందు గడ్డి, నీళ్లు బంద్ చేసేవారు. ఈ నీళ్లు మాన్పించే అలవాటు చాలా కాలం సాగింది. లాసిక్స్ చేసే పనికి ఇది మొరటు రూపం. దాహంతో ఉన్న గుర్రాన్ని స్టార్టింగ్ గేటు దాకా నడిపించేవాళ్లు అది వైద్యమనే నమ్మారు.

1970ల దాకా అందరూ ముక్కునే చూశారు. ముక్కున రక్తం కనబడితే ఆ గుర్రం బ్లీడరు, కనబడకపోతే కాదు. మెత్తగా వంగే ఫైబర్ ఎండోస్కోప్ వచ్చాక ఈ లెక్క తారుమారైంది. పందెం అయిన అరగంట, గంట తర్వాత గుర్రాన్ని చూసుకునే సైస్ దాని తల పట్టుకుంటాడు. వెట్ (పశువైద్యుడు) ఒక పొడవాటి గొట్టాన్ని ముక్కు గుండా గొంతులోకి, అక్కడి నుంచి శ్వాసనాళంలోకి పంపుతాడు. గులాబీ రంగు శ్వాసనాళం అడుగున సన్నటి ఎర్ర చార కనబడుతుంది. కొన్నిట్లో చుక్కలే, కొన్నిట్లో నాళం సగం కప్పేసిన ఏరు. దీన్ని 0 నుంచి 4 దాకా గ్రేడ్లు వేస్తారు. 1981లో కాలిఫోర్నియాలో పాస్కో బృందం ఇలా చూస్తే, పరుగెత్తిన నాలుగు గుర్రాల్లో మూడింటికి రక్తం ఉంది. ఆ గుర్రాల్లో చాలావాటికి ముక్కు శుభ్రంగానే ఉంది. జపాన్‌లో 1992 నుంచి 1997 దాకా రెండున్నర లక్షల పరుగులు లెక్క తీస్తే, ఊపిరితిత్తుల రక్తస్రావం వల్ల ముక్కున రక్తం కనబడింది 0.15 శాతంలోనే. లోపల నాలుగింట మూడు గుర్రాలకు జరుగుతున్నది బయటికి వెయ్యింట ఒకటి రెండుసార్లే కనబడుతోందన్నమాట.

కారణం దొరకడానికి మరో పదేళ్లు పట్టింది. కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో జాన్ వెస్ట్ బృందం 1990ల మొదట్లో దాన్ని తేల్చింది. దౌడులో గుర్రం గుండె నిమిషానికి 220 సార్లు దాటి కొట్టుకుంటుంది. ప్లీహం తనలో దాచుకున్న ఎర్ర కణాలను రక్తంలోకి గుమ్మరిస్తుంది, రక్తం చిక్కబడుతుంది. అంత రక్తమూ ఊపిరితిత్తుల గుండానే పోవాలి. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న పొర మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సగం కూడా ఉండని చోట్లున్నాయి. ఆక్సిజన్ దాటాలి కాబట్టి అది పలచగానే ఉండాలి. సన్న నాళాల్లో ఒత్తిడి సుమారు 100 మి.మీ. పాదరసం దాకా పెరిగితే ఆ పొర చిరుగుతుంది. చిరుగులు ఎక్కువగా ఊపిరితిత్తుల వెనక, పైభాగంలో పడతాయి. మిషిగన్ స్టేట్ పరిశోధకులు తర్వాత అదే భాగంలోని చిన్న సిరల గోడలు మందమై, లోపలి దారి ఇరుకైపోవడం చూశారు. మళ్లీ మళ్లీ దౌడు తీస్తే ఇరుకు పెరుగుతుంది, ఇరుకుతో ఒత్తిడి పెరుగుతుంది.

లాసిక్స్ పనిచేసేది ఇక్కడే. ఒంట్లో ద్రవం తగ్గితే ఒత్తిడి కాస్త తగ్గుతుంది. 1970ల నుంచి అమెరికా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా దాన్ని ఒప్పుకున్నాయి. అందరికన్నా చివర న్యూయార్క్ 1995లో ఒప్పుకుంది. మొదట్లో రక్తం కారిందని రుజువైన గుర్రాలకే అన్నారు. తర్వాత దాదాపు అన్ని గుర్రాలకూ పాకింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. నాలుగు గంటల్లో పది, పదిహేను కిలోల బరువు మూత్రంగా దిగిపోతే గుర్రం తేలికగా పరుగెత్తుతుంది. లాసిక్స్ వేసుకున్నవి ఎక్కువ వేగంగా పరుగెత్తుతున్నాయని 1999లో వచ్చిన పెద్ద అధ్యయనం కూడా చెప్పింది. పక్క గుర్రానికి వేస్తే మన గుర్రానికి వేయకుండా ఉండలేం.

మందు నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు సూటి జవాబు మాత్రం 2009 దాకా రాలేదు. అది దక్షిణాఫ్రికాలోని వాల్ రేస్‌కోర్సు నుంచి వచ్చింది. 167 గుర్రాలను వారం తేడాతో రెండుసార్లు, అవే ప్రత్యర్థులతో పరుగెత్తించారు. ఒకసారి నాలుగు గంటల ముందు 500 మి.గ్రా. ఫ్యూరోసెమైడ్, ఒకసారి వట్టి సెలైన్. ఎండోస్కోప్‌తో చూసేవాళ్లకు ఏది ఏదో తెలియదు. సెలైన్ ఎక్కించినప్పుడు రక్తం కారే అవకాశం మూడు, నాలుగు రెట్లు ఎక్కువ. గ్రేడ్ 2, ఆ పైన చూస్తే ఏడు నుంచి పదకొండు రెట్లు. మందు పనిచేస్తుందని తేలింది. అయితే మందు వేసినా సగానికి పైగా గుర్రాల్లో ఎంతో కొంత రక్తం కనబడింది. తగ్గిస్తుంది, ఆపదు.

ఇక మూలికల సంగతి. చైనాలోని యునాన్ ప్రాంతంలో 1902లో తయారైన యునాన్ బైయావో పొడి ప్రపంచమంతటా గుర్రాల స్టేబుళ్లలో దొరుకుతుంది. దాని ఫార్ములా చైనా ప్రభుత్వ రహస్యం. అందులో ప్రధానమైనది సాన్‌చీ వేరని మాత్రం తెలుసు. గాయాల రక్తాన్ని ఆపడంలో దానికి పేరుంది, కాబట్టి ట్రైనర్ల ఆశను తప్పుపట్టలేం. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో 2005లో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూస్తే, ఆ పొడితో గానీ మరో చైనా మూలికల మందుతో గానీ రక్తస్రావం తగ్గలేదు. అంతకుముందు బత్తాయి జాతి పళ్ల తొక్కల్లోని బయోఫ్లేవనాయిడ్లదీ అదే ఫలితం. వెస్ట్ చెప్పింది గుర్తుంటే ఇందులో ఆశ్చర్యం లేదు. గుర్రం రక్తం గడ్డకట్టడంలో లోపమేమీ లేదు. ఒత్తిడికి గోడ చిరుగుతోంది. గడ్డకట్టించే మందు, అది వేరు అయినా, విటమిన్ కె అయినా, ఆ చిరుగును ఆపలేదు.

అయినా మూలికల మీద నమ్మకం చెదరదు. కిందటిసారి ముక్కున రక్తం వచ్చింది, పొడి పెట్టాక రాలేదు అంటారు. ఏమీ పెట్టకపోయినా తర్వాతి పందెంలో రాకపోవడమే ఎక్కువ. మన దగ్గర దగ్గులో రక్తం పడితే అడ్డసరం ఆకు రసం ఇవ్వడం పాత వాడుక. గుర్రానికీ ఇద్దామని ఎవరికైనా అనిపిస్తే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. అడ్డసరంలోని వాసిసిన్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే దగ్గు మందు తయారైంది. ఆకు రసంలోనూ మందు ఉంటుంది. డోప్ టెస్టుకు ఆకూ, సీసా అన్న తేడా లేదు. మూలికలు వద్దనడం లేదు. కఫం తగ్గడానికో, ఆకలి పెరగడానికో వెట్‌కి చెప్పి, పందేనికి చాలా ముందే ఆపేసేలా వాడుకోవచ్చు. రక్తాన్ని ఆపుతుందని మాత్రం వాడకూడదు.

ముక్కుకు అంటించే స్ట్రిప్ ఇంతకన్నా మెరుగు. దౌడులో గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కే దిక్కు. స్ట్రిప్ ఆ దారిని ముడుచుకోనివ్వదు. 2014లో కాలిఫోర్నియా క్రోమ్ అనే గుర్రం న్యూయార్క్‌లోని బెల్‌మాంట్ పందెంలో పాల్గొనాలంటే స్ట్రిప్‌కి న్యూయార్క్ అనుమతి కావాల్సి వచ్చి పెద్ద చర్చే నడిచింది. 2015లో అమెరికా పశువైద్య నిపుణుల కమిటీ రుజువులన్నీ పరిశీలించి, ఫ్యూరోసెమైడ్‌కి మంచి ఆధారం ఉందనీ, స్ట్రిప్‌కి తక్కువ స్థాయి ఆధారం ఉందనీ చెప్పింది.

ఐరోపా, జపాన్, హాంకాంగ్, ఆస్ట్రేలియాల్లో రేసు రోజున ఫ్యూరోసెమైడ్ నిషేధం. ఆస్ట్రేలియాలో ముక్కున రక్తం కనబడితే మొదటిసారి మూడు నెలలు పందేలు బంద్, రెండోసారికి జీవితాంతం. జర్మనీ ఇంకో అడుగు వేసి, మందుల మీద పరుగెత్తిన మగ గుర్రాలను సంతానానికే ఒప్పుకోదు. బ్లీడింగ్ చైల్డర్స్ నాటి పొరపాటు మళ్లీ జరగకూడదని కాబోలు. మలక్‌పేటతో సహా మన దేశపు రేస్‌కోర్సుల్లోనూ పందెం రోజున ఈ మందు కనబడకూడదు. అందుకే ఇక్కడి స్టేబుళ్లకు చేతిలో ఉన్నవి పాత పనులే: ఎండుగడ్డిని నీళ్లలో తడిపి దుమ్ము పోయాక పెట్టడం, కొట్టంలో గాలి ఆడనివ్వడం, దగ్గుతున్న గుర్రాన్ని దౌడుకు తీయకపోవడం, రక్తం కారిన గుర్రానికి వారాల తరబడి విశ్రాంతి. వీటికి తోడు పందెం అయిన ప్రతిసారీ ఎండోస్కోప్‌తో చూడమని యజమానులే అడగాలి. అలా చూడకపోతే గ్రేడ్ 3 ఉన్న గుర్రం ముక్కు శుభ్రంగా ఉందని వచ్చే వారం మళ్లీ గేటులో నిలబడుతుంది.