యెమంజా పేరు మీద గొడవ: మూలం 1975 కార్నివాల్‌లో ఉంది

బ్రెజిల్‌లోని బహియా రాష్ట్ర రాజధాని సాల్వడార్‌లో ఒక పాట మీద పంచాయితీ మళ్లీ రాజుకుంది. గాయని క్లాడియా లెయిట్టే తన పాత హిట్ పాటలో కాండోంబ్లే (ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్లు తెచ్చుకున్న మతం) కొలిచే సముద్ర దేవత యెమంజా పేరు తీసేసి, 'యేషువా' అని ఏసు పేరు పెట్టి పాడారు. 2024 డిసెంబర్‌లో బహియా రాష్ట్ర ప్రాసిక్యూటర్లు దీనిపై విచారణ మొదలుపెట్టారు. ఆమె ఇవాంజెలికల్ క్రైస్తవురాలు, తన నమ్మకం ప్రకారం పాడుకునే హక్కు ఆమెకుంది అన్నది అభిమానుల వాదన. ఒక్క పేరుకే ఇంత రాద్ధాంతమా అంటున్నారు.

బానిస ఓడల కాలం నుంచి మొదలుపెడితే కథ తెగదు. నేరుగా 1975కి వెళ్దాం.

సాల్వడార్‌లో నల్లవాళ్లే ఎక్కువ. కానీ ఏటా జరిగే వీధి పండుగ కార్నివాల్‌లో డబ్బున్నవాళ్ల బృందాలు వాళ్లను దగ్గరికి రానిచ్చేవి కావు. 1974 నవంబర్ 1న లిబెర్దాదె పేటలోని కురూజులో కొందరు కుర్రాళ్లు 'ఇలే ఆయే' అనే సొంత బృందం పెట్టుకున్నారు. సభ్యత్వం నల్లవాళ్లకే. దేశంలో సైనిక పాలన నడుస్తోంది, అరెస్టుల భయం ఉంది. అయినా తర్వాతి ఫిబ్రవరిలో, 1975 కార్నివాల్‌కు, సుమారు వంద మంది డప్పులతో రోడ్డెక్కారు. వెనక ధైర్యంగా నిలబడింది మే ఇల్దా ('మే' అంటే అమ్మ). బృందం నాయకుడు వొవో తల్లి, కాండోంబ్లే మతంలో పూజారిణి.

ఆ ఏడాది వాళ్లు పాడిన పాట రాసింది పౌలిన్యో కమాఫెయు. నల్లవాడి విలువ తెలిస్తే తెల్లవాడు తారుతో స్నానం చేసి నల్లబడతాడని అందులో ఒక చరణం. వెటకారమే, కానీ అంతకుముందు ఆ వీధుల్లో అలా తల ఎత్తి వెటకారం చేసినవాళ్లు ఎవరు? 'ఆ తార్దె' పత్రికకు మాత్రం మండిపోయింది. దీన్ని జాత్యహంకార బృందమని రాసింది, బ్రెజిల్‌లో జాతి సమస్యే లేదని ఉపదేశించింది. నల్లవాళ్లను గేటు దగ్గరే ఆపేసిన బృందాల మీద ఆ కోపం కనిపించలేదు. రెండేళ్లకు, 1977లో, ప్రముఖ గాయకుడు జిల్బెర్తో జిల్ అదే పాటను తన ఆల్బమ్‌లో పాడాడు.

లెయిట్టే అభిమానులు పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఇలే ఆయే మొదటిసారి వీధిలోకి వచ్చిన రోజుల్లో బహియాలో కాండోంబ్లే పూజ చేసుకోవాలంటే పోలీసుల దగ్గర నమోదు, అనుమతి తప్పనిసరి. ఆ నిబంధన ఎత్తేసింది 1976లో. అంటే యెమంజాకు స్టేషన్ అనుమతి లేకుండా పూజ చేసుకోగలిగి యాభై ఏళ్లే అవుతోంది. ఆమె పేరు ఇప్పుడు పాటలోంచి ఎగిరిపోతే ఊరుకోలేకపోవడం అతి అనిపించదు.

ఆ డప్పులే పదేళ్లలో వ్యాపారమయ్యాయి. 1985లో గాయకుడు లూయిజ్ కాల్దాస్ 'ఫ్రికోతె' పాటతో సాల్వడార్ కార్నివాల్‌లో పుట్టిన ఆక్సే సంగీతం దేశమంతా పాకింది. నల్ల అమ్మాయి జుట్టును ఎగతాళి చేసిన ఆ పాటను తర్వాత చాలామంది తప్పుపట్టారు. విచిత్రం ఏంటంటే, దాని రచయితల్లో కమాఫెయు కూడా ఒకరు! డబ్బు, టీవీ, స్పాన్సర్లు మాత్రం ఎక్కువగా తెల్లని తారల వైపే వెళ్లాయి. లెయిట్టే ఆ వరుసలోనే వచ్చారు.

విచారణకు దారితీసిన ఫిర్యాదుదారుల్లో పూజారిణి జాసియారా రిబెయిరో ఉన్నారు. ఆమె తల్లి మే జిల్దా ఫొటోను 1999లో ఒక చర్చి పత్రిక ఇలాంటి పూజారులు మోసగాళ్లన్న వార్తకు వాడుకుంది. 2000 జనవరి 21న జిల్దా చనిపోయారు. మత అసహనాన్ని ఎదిరించే రోజుగా బ్రెజిల్ 2007లో చట్టం చేసి పెట్టుకున్న తేదీ అదే.