సీజే ఎందుకు మనవాడయ్యాడు?

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోని నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి గ్రాండ్ థెఫ్ట్ ఆటో అనే వీడియో గేమ్ ఆడిన నా ఈడువారిని ఆ ఆటల నాయకులలో ఎవరు ఇష్టమని అడిగితే, చాలామంది తడుముకోకుండా సీజే పేరే చెబుతారు. 2004లో వచ్చిన శాన్ ఆండ్రియాస్ అనే ఆటలో, ఇల్లు విడిచిన ఐదేళ్లకు, తల్లి హత్యకు గురైందని తెలిసి తిరిగివచ్చే యువకుడు అతడు. ఆ తల్లి సెంటిమెంటే కారణమని కొందరంటారు గానీ, కథ బరువు మాత్రమే ఇష్టాన్ని నిర్ణయించేటట్లయితే, 2008 నాటి నాలుగో ఆటలో యుద్ధపు గాయాలను మోసుకుని తిరిగే నికో బెలిక్ ముందుండాలి. నికోను నేను గౌరవిస్తాను, అంతే.

తేడా శరీరంలో ఉంది. సీజేకు అతిగా తినిపిస్తే లావెక్కుతాడు, జిమ్‌కు తీసుకువెళితే కండలు తిరుగుతాడు, తిండి మానిపిస్తే చిక్కిపోతాడు. నికో ఎంత తిన్నా అలాగే ఉంటాడు. మైకేల్ నార్టన్, డేనియల్ మోషోన్, డాన్ ఏరియలీ 2012లో ప్రచురించిన పరిశోధనలో, మనుషులు తాము మడిచిన వంకరటింకర కాగితపు బొమ్మలకు కూడా బయటివారు ఇవ్వజూపిన దానికంటే ఎక్కువ వెల కట్టారు. కొన్నవారే బిగించుకునే బల్లలూ కుర్చీలూ అమ్మే సంస్థ పేరిట దీనికి ఐకియా ప్రభావం అని పేరు. మన చేతుల్లో రూపు దిద్దుకున్న సీజే మీద ఇష్టమూ ఇలాంటిదే. (ఆ సంస్థ భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని 2018లో మన హైదరాబాద్‌లోనే తెరిచింది కనుక, బల్లకు మరలు బిగించి మురిసిపోవడమంటే ఏమిటో ఇక్కడివారికి వివరించనక్కరలేదు.) అయితే చేసినదాన్ని విప్పేసినా, పని సగంలో ఆగిపోయినా ఆ మక్కువ నిలవలేదని అదే పరిశోధన చెబుతోంది.

వైస్ సిటీ అనే మరో ఆటలోని నాయకుడు టామీ నాకు చివరిదాకా దగ్గర కాకపోవడానికి కారణం ఇక్కడే దొరుకుతుందని నా అనుమానం. నెట్ సెంటర్లో నేను సేవ్ చేసిన ఆటపై మర్నాడు మరొకరు తమది సేవ్ చేసేవారు. ఎన్నిసార్లు ఆడినా నా టామీ మొదటి మిషన్లలోనే ఉండేవాడు. పైగా ఈత రాదు. చీట్ కోడ్ కొట్టి యుద్ధ ట్యాంకు తెప్పించుకోవడానికి తప్ప అతడితో మాకు పనుండేది కాదు.

ఇక బొత్తిగా గిట్టనివాడు ఐదో ఆటలోని ట్రెవర్. ఆటలో ఓడినప్పుడు మనం "టామీ పోయాడు" అనము, "నేను చచ్చిపోయాను" అంటాము. మీటలు నొక్కే చేయి వేరు, దెబ్బ తిన్న బొమ్మ వేరు అన్న ఎరుక అప్పుడుండదు. 2009లో వచ్చిన ద లాస్ట్ అండ్ డామ్‌డ్ అనే ఆటలో బైకర్ జానీగా గంటల తరబడి తిరిగినవారికి, 2013 నాటి ఐదో ఆటలో ట్రెవర్ వస్తూనే ఆ జానీని కాలితో తొక్కి చంపడం చూడవలసివచ్చింది. చచ్చింది ఎవరో కాదు, ఒకప్పటి "నేను". ఆ తరువాత ట్రెవర్ ఎన్ని జోకులు వేసినా నాకు నవ్వు రాలేదు.

మా తమ్ముడు ఐదో ఆటతోనే మొదలుపెట్టాడు. అతడికి ట్రెవరంటే ప్రాణం. జానీ సంగతి అంతా చెప్పాక ఒకటే అడిగాడు: "ఏ జానీ అన్నా, ఆ మొదట్లో చచ్చేవాడా?"